గుంటూరు కోల్డ్ స్టోరేజీ: 140 మీటర్ల దూరంలో కాటా గది, 12 కెమెరాలు, యార్డు షాపుతో లింకు. నెట్‌వర్కు ఎలా వెయ్యాలి?

నల్లపాడు_రోడ్డు

అందరికీ నమస్కారం. మిర్చి కోల్డ్ స్టోరేజీ ఒకదాంట్లో నెట్‌వర్కు సరిచెయ్యాలి. సీజను మొదలై లారీలు క్యూ కట్టేలోపు పూర్తవ్వాలి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆఫీసులో 7 కంప్యూటర్లు, 2 ప్రింటర్లు, లెక్కల సర్వర్ ఒకటి. గేటు దగ్గర కాటా గది. తీగ పోయే దారిలో కొలిస్తే ఆఫీసు నుంచి 140 మీటర్లు. పాత పనివాళ్లు అక్కడికి క్యాట్ 6 లాగేశారు. కాటా గది నుంచి సర్వర్‌కు పింగ్ (అందుతోందో లేదో చూసే చిన్న పరీక్ష సందేశం) పెడితే 100కి 8, 10 జవాబులు రావడం లేదు. అక్కడున్న 4 కెమెరాలు పగలంతా బాగానే ఉండి చీకటి పడగానే ఒక్కొక్కటీ పోతున్నాయి. మిగతా 8 కెమెరాలు ఆఫీసు, షెడ్ల వైపు.

రెండోది, ఆఫీసులో కొన్ని కంప్యూటర్లకు అప్పుడప్పుడూ 192.168.0 తో మొదలయ్యే అడ్రసు వస్తోంది. ఆ సమయంలో ఇంటర్నెట్ వస్తుంది కానీ సర్వర్ కనపడదు. మాది 192.168.1.

మూడోది, మిర్చి యార్డు దగ్గరి షాపు నుంచి కెమెరాలు చూడాలి, లెక్కలూ చూడాలి. రూటర్లో పోర్టు ఫార్వార్డింగ్ (బయటి పిలుపును లోపలి పెట్టెకు పంపే ఏర్పాటు) పెట్టినా బయటినుంచి తెరుచుకోవడం లేదు. షాపులో కూడా 192.168.1 నెట్‌వర్కే ఉంది.

పటమట_ఫైబర్

మీరు రాసినవాటిలో నాలుగు వేర్వేరు జబ్బులున్నాయండీ. ఒకదానితో ఒకటి కలిపి చూడొద్దు. నేను కాటా గది లైను సంగతి చెప్తాను.

రాగి ఈథర్నెట్ తీగకు హద్దు 100 మీటర్లు. అందులో గోడలో, పైపులో పోయే గట్టి తీగ 90, రెండు చివర్ల ప్యాచ్ కార్డులు కలిపి 10. 140 మీటర్లలో లింకు లైటు వెలుగుతుంది, అదే అసలు మోసం. లైటు వెలిగినంత మాత్రాన ఫ్రేములు (డేటా మూటలు) చెడకుండా వస్తున్నట్టు కాదు. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) ఉంటే ఆ పోర్టు లెక్కల్లో సీఆర్‌సీ ఎర్రర్ల (చెడిపోయి వచ్చిన ఫ్రేముల) అంకె చూడండి, నిమిష నిమిషానికీ పెరుగుతూ ఉంటుంది. పోర్టును 10 ఎంబీపీఎస్‌కు దించితే కొంత నిలబడొచ్చు కానీ 4 కెమెరాలకు అది చాలదు.

ఫైబర్ వెయ్యండి. సింగిల్ మోడ్, 4 కోర్‌లది తీసుకోండి. వాడేది ఒకటే, మూడు స్పేరు. రెండో కోర్ మీద ఆశ లేకుండా ఒకే కోర్ తీగ వేస్తే ఎలుక కొరికిన రోజున మళ్లీ మొత్తం తవ్వాల్సిందే. రెండు వైపులా గిగాబిట్ మీడియా కన్వర్టర్లు (రాగి తీగ సిగ్నలును వెలుతురుగా మార్చే పెట్టెలు) పెట్టండి. ఒకే కోర్ మీద నడిచేవి జతగా వస్తాయి: ఒకటి 1310 నానోమీటర్లలో పంపి 1550లో అందుకుంటుంది, రెండోది దానికి తలకిందులు. రెండూ ఒకే రకం కొంటే లింకు రాదు. దుకాణంలోనే పెట్టె మీద ఏ, బీ అని చూసి తెచ్చుకోండి. 20 కిలోమీటర్ల రకం చాలు. దూరానికి పనికొస్తుందని 80 కిలోమీటర్లది తెస్తే 140 మీటర్లకు వెలుతురు మరీ ఎక్కువై రిసీవర్ దెబ్బతింటుంది.

కనెక్టర్ రంగు కూడా చూడండి. నీలం రంగుది యూపీసీ, ఆకుపచ్చది ఏపీసీ. ఏపీసీ చివర 8 డిగ్రీలు వాలుగా ఉంటుంది. ఇంటి ఇంటర్నెట్ పని చేసేవాళ్ల సంచీలో పచ్చవే ఎక్కువ ఉంటాయి. కన్వర్టర్లకు మామూలుగా కావలసింది నీలం. రెండూ కలిపి గుచ్చితే లోపల గ్యాప్ వచ్చి నష్టం పెరుగుతుంది, ముఖాలూ గీసుకుపోతాయి.

తీగను హెచ్‌డీపీఈ పైపులో, రెండడుగుల లోతున వెయ్యండి. లారీ దాటే చోట మూడడుగులు తవ్వి బయట ఇనప పైపు తొడగండి. మలుపుల్లో 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగువుగా వంచొద్దు.

ఆటోనగర్_ఎర్తింగ్

పటమట గారు చెప్పినదానికి ఇంకో పెద్ద కారణం ఉంది. కాటా గది, ఆఫీసు రెండు వేర్వేరు కట్టడాలు, వేర్వేరు ఎర్తులు. దగ్గర్లో పిడుగు పడితే రెండు ఎర్తుల మధ్య వోల్టేజీ తేడా వేలల్లోకి పోతుంది. రాగి తీగ ఉంటే ఆ కరెంటు దాని గుండానే పరిగెత్తి రెండు వైపులా స్విచ్ పోర్టులు కాలుస్తుంది. అందుకని 100 మీటర్ల లోపు దూరమైనా కట్టడానికీ కట్టడానికీ మధ్య నేను ఫైబరే వేయమంటాను.

గాలిలో లాగే డ్రాప్ తీగకు పక్కన ఇనప తీగ అతుక్కుని ఉంటుంది, గమనించండి. దాన్ని ర్యాకు దాకా తేవొద్దు. గోడ బయటే హుక్కుకు కట్టి, అక్కడే కోసెయ్యండి. లోపలికి తెస్తే ఫైబర్ వేసిన ప్రయోజనం సగం పోయినట్టే.

కోల్డ్ స్టోరేజీలకు ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి. మెషిన్ రూములో అమ్మోనియా ఉంటుంది. తేమతో కలిస్తే అది రాగినీ ఇత్తడినీ తినేస్తుంది. స్విచ్‌గానీ, జాక్ బాక్సుగానీ కంప్రెసర్ గదిలో పెట్టొద్దు. అక్కడ కెమెరా తప్పనిసరైతే దాని జాయింటు గది బయటికి తెచ్చుకోండి. చాంబరు గుమ్మాల దగ్గర వేడిగాలీ చల్లగాలీ కలిసి నీళ్లు పడతాయి. అక్కడి జాకులో జెల్ నింపి, తీగ కెమెరాలోకి ఎక్కే ముందు కిందికి ఒక వంపు వదలండి, నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. డేటా తీగను 415 వోల్టుల మోటారు తీగలకు కనీసం ఒక అడుగు ఎడంగా నడపండి, దాటాల్సివస్తే అడ్డంగా దాటించండి.

కాటా గదికి రేకుల కప్పు అయితే మే నెలలో లోపల ఎంత వేడి ఉంటుందో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. చవక స్విచ్‌లు 40 డిగ్రీల దాకానే రాసి ఉంటాయి. డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఇంకా పెరుగుతుంది. నేలకు దగ్గరగా, ఎండ పడని గోడకు, గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టండి.

నల్లపాడు_రోడ్డు

పాత తీగ చివర బ్లేడుతో గీశాను. పైన ఎర్రగా ఉంది, లోపల తెల్లగా ఉంది. ఇది పూర్తి రాగి కాదు కదా? రాత్రిపూట కెమెరాలు పోవడానికి కారణం ఇదేనా, దూరమా? మధ్యలో ఒక స్విచ్ పెట్టి నడిపితే సరిపోదా?

వన్‌టౌన్_స్విచ్చు

తెల్లగా ఉందంటే అల్యూమినియం మీద రాగి పూత. దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్ల పైన. రాత్రి సంగతి ఇలా జరుగుతుంది: చీకటి పడగానే కెమెరాలో ఐఆర్ (చీకట్లో చూసేందుకు పరారుణ) దీపాలు వెలుగుతాయి, పగలు 4 వాట్లు తాగే కెమెరా 8, 9 వాట్లకు పోతుంది. కరెంటు పెరిగితే తీగలో వోల్టేజీ మరింత పడుతుంది. 802.3ఏఎఫ్ (డేటా తీగలోనే కరెంటు పంపే పీఓఈ ప్రమాణం) లెక్కలో స్విచ్ ఒక పోర్టుకు 15.4 వాట్లు ఇస్తే కెమెరాకు 12.95 చేరాలి, అదీ 100 మీటర్ల మంచి రాగి మీద. 140 మీటర్ల పూత తీగ మీద కెమెరా దగ్గరికి 37 వోల్టులు కూడా చేరకపోతే అది ఆగి, మళ్లీ మొదలై, దీపాలు వెలిగి, మళ్లీ ఆగుతుంది.

రెండో అనుమానం కూడా తీర్చుకోండి. పీఓఈ స్విచ్ వెనక మొత్తం ఎన్ని వాట్లని ఉందో చూడండి. 8 పోర్టుల స్విచ్ అని రాసి, మొత్తం 60 వాట్లే ఇచ్చేవి చాలా ఉన్నాయి. 8 కెమెరాలు 9 వాట్ల చొప్పున 72. ఒక్కొక్కటే పోతోందని మీరు రాశారు కాబట్టి ఇది కూడా అయ్యుండవచ్చు.

మధ్యలో స్విచ్ వద్దు. ఎండలో వానలో ఒక డబ్బా, దానికి కరెంటు, దానికి ఎర్తు, అన్నీ కొత్త తలనొప్పులు. కాటా గదిలోనే చిన్న పీఓఈ స్విచ్ పెట్టి, కెమెరాలకు అక్కడినుంచి 20, 30 మీటర్ల అసలు రాగి తీగ లాగండి. ఆఫీసుకు ఫైబర్. కాటా గది స్విచ్‌కూ కన్వర్టర్‌కూ చిన్న యూపీఎస్ ఒకటి మర్చిపోవద్దు. కరెంటు పోతే ఆఫీసు వైపు ఇన్వర్టర్ ఉన్నా గేటు కెమెరాలు చీకటైపోతాయి.

బ్రాడీపేట_4వ_లైను

192.168.0 అడ్రసు సంగతి నేను చెప్తాను. మీ నెట్‌వర్కులో ఇంకో డీహెచ్‌సీపీ సర్వర్ (అడ్రసులు పంచేది) ఉంది. ఎవరో వైఫై సరిగ్గా రావడం లేదని ఇంట్లో మిగిలిన రూటర్ తెచ్చి దాని లాన్ (లోపలి నెట్‌వర్కు) పోర్టుకు తీగ గుచ్చి ఉంటారు. కంప్యూటర్ అడ్రసు కావాలని అరిచినప్పుడు ఆ కేక అందరికీ వినపడుతుంది, ఎవరి జవాబు ముందొస్తే దాన్నే పట్టుకుంటుంది. అందుకే అప్పుడప్పుడే వస్తుంది.

ఇంటర్నెట్ మాత్రం వస్తోందన్నారు కాబట్టి ఆ రూటర్‌కు వాన్ (బయటి ఇంటర్నెట్) వైపు కూడా తీగ ఉంది, అంటే లాన్, వాన్ రెండూ మీ స్విచ్‌కే గుచ్చి ఉన్నాయి. లేదా దానికి వేరే కనెక్షను ఉంది.

పట్టుకోవడం ఇలా. తప్పు అడ్రసు వచ్చిన కంప్యూటర్లో ఐపీకాన్ఫిగ్‌కు ఆల్ ఆప్షన్ పెట్టి కొట్టండి. డీహెచ్‌సీపీ సర్వర్ అనే వరుసలో దాని అడ్రసు ఉంటుంది. దాన్ని ఒకసారి పింగ్ చేసి, ఆర్ప్ పట్టిక (ఏ ఐపీ ఏ పెట్టెదో చూపేది) చూస్తే మ్యాక్ అడ్రసు (పెట్టె సొంత గుర్తింపు అంకె) దొరుకుతుంది. మేనేజ్డ్ స్విచ్‌లో మ్యాక్ పట్టిక తెరిస్తే ఆ మ్యాక్ ఏ పోర్టు వెనక ఉందో చూపిస్తుంది. మామూలు స్విచ్ అయితే పింగ్ ఆపకుండా నడుపుతూ తీగలు ఒక్కొక్కటే పీకి చూడాలి.

దొరికాక పారెయ్యక్కర్లేదు. దాంట్లో డీహెచ్‌సీపీ ఆపేసి, దాని సొంత అడ్రసును మీ నెట్‌వర్కులో ఖాళీగా ఉన్నదానికి మార్చి, తీగను లాన్ పోర్టులోనే ఉంచి వాన్ ఖాళీగా వదిలితే ఉత్త వైఫై యాక్సెస్ పాయింటు అవుతుంది. మేనేజ్డ్ స్విచ్ కొంటే డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టండి, అసలు రూటర్ ఉన్న పోర్టును మాత్రమే నమ్మమని చెప్పండి. ఇక ఎవరు ఏం గుచ్చినా ఆ జవాబులు అక్కడే ఆగిపోతాయి.

ఏదైనా కంప్యూటర్‌కు 169.254 తో మొదలయ్యే అడ్రసు వస్తే అది వేరే కథ. ఏ సర్వరూ పలకలేదని అర్థం, తీగో పోర్టో చూసుకోవాలి.

వన్‌టౌన్_స్విచ్చు

మేనేజ్డ్ స్విచ్ కొంటే ఆర్‌ఎస్‌టీపీ (తీగల లూపును పట్టి ఆపే ఏర్పాటు) కూడా తెరిచి పెట్టండి. ఖాళీగా వేలాడే ప్యాచ్ కార్డు చూసి ఎవరో ఒకరు రెండో కొసను కూడా స్విచ్‌లో గుచ్చుతారు. ఈథర్నెట్ ఫ్రేముకు ఐపీ ప్యాకెట్టులాగా ఆయుష్షు లెక్క లేదు. లూపులో పడితే తిరుగుతూనే ఉంటుంది, నిమిషంలోపే అన్ని లైట్లూ ఒకేసారి టపటపా కొట్టుకుంటాయి, మొత్తం ఆగిపోతుంది. కాటా ముందు లారీలు ఉన్నప్పుడు ఈ పని జరగకూడదు. కంప్యూటర్లూ కెమెరాలూ ఉన్న పోర్టులను ఎడ్జ్‌గా పెట్టి బీపీడీయూ గార్డ్ (అక్కడ స్విచ్ తగిలితే పోర్టును మూసేది) వెయ్యండి.

లబ్బీపేట_రూటింగ్

వీటన్నిటికంటే ముందు ఒక కాగితం మీద అడ్రసుల పట్టిక రాసుకోమని నా మనవి. రెండు చోట్లా 192.168.1 ఉండగా ఏ వీపీఎన్ (రెండు చోట్లనూ ఇంటర్నెట్ మీదుగా కలిపే గుప్త సొరంగం) వేసినా పని జరగదు. షాపు కంప్యూటర్ 192.168.1.10 కోసం వెతికితే అది తన గదిలోనే ఉందనుకుంటుంది, ప్యాకెట్టు రూటర్ దాకా కూడా రాదు.

ప్రైవేటు అడ్రసులకు మూడు గుంపులున్నాయి: 10 తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, 192.168. దుకాణంలో కొన్న ప్రతి పెట్టే 192.168.0 లేదా 1 మీద ఉంటుంది కాబట్టి మీరు 10 వైపు పోండి. నేనైతే ఇలా రాస్తాను. కోల్డ్ స్టోరేజీ ఆఫీసు 10.20.10.0/24 (మొదటి మూడు అంకెలూ మారవని అర్థం), కెమెరాలు 10.20.20.0/24, వచ్చేపోయేవాళ్ల వైఫై 10.20.30.0/24. షాపు 10.21.10.0/24. వీపీఎన్‌కు 10.29.0.0/24. రెండో అంకె చూస్తే ఏ చోటో, మూడోది చూస్తే ఏ పనో తెలిసిపోతుంది. ప్రతి చోటా 1 రూటర్‌కు, 2 నుంచి 49 స్విచ్‌లూ సర్వరూ ప్రింటర్లూ, 100 నుంచి 199 డీహెచ్‌సీపీ పంచేవి. సర్వర్‌కూ ప్రింటర్లకూ పెట్టె మీద చేత్తో అడ్రసు కొట్టకండి, రూటర్లోనే మ్యాక్‌కు రిజర్వు చెయ్యండి. పట్టిక ఒకేచోట ఉంటుంది.

మార్చే ముందురోజు డీహెచ్‌సీపీ లీజు గడువును 10 నిమిషాలకు తగ్గించండి. లేకపోతే పాత అడ్రసులు పట్టుకుని వేలాడే ప్రింటర్లతో రెండు రోజులు పోతాయి. అంతా కుదిరాక మళ్లీ 24 గంటలు చెయ్యండి.

బ్రాడీపేట_4వ_లైను

లబ్బీపేట గారూ, 7 కంప్యూటర్ల ఆఫీసుకు మూడు వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్కులు) ఎక్కువ కాదా? రేపు చూసుకునేది స్టోరేజీ గుమాస్తా. ఏ పోర్టు ట్యాగ్డో (ఫ్రేముకు వీలాన్ గుర్తు తగిలించి పంపేది), ఏది అన్‌ట్యాగ్డో తెలియక తీగ మార్చి గుచ్చితే ఆరోజు పని ఆగుతుంది.

లబ్బీపేట_రూటింగ్

ఆఫీసునూ అతిథుల వైఫైనీ మీరన్నట్టు రూటర్ గెస్ట్ నెట్‌వర్కుతో విడదీసినా ఒప్పుకుంటాను. కెమెరాల విషయంలో మాత్రం ఒప్పుకోను. కెమెరాల్లో సాఫ్ట్‌వేర్ సరిచేసేవాళ్లు ఉండరు, పాస్‌వర్డు మార్చరు. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (దొంగలు చేజిక్కించుకున్న పరికరాల గుంపు) అంత పెద్దదైంది ఇలాంటి కెమెరాలు, డీవీఆర్‌ల ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే. లెక్కల సర్వర్ ఉన్న గదిలోనే వాటిని కూర్చోబెట్టకూడదు. నియమం చిన్నది: ఆఫీసు నుంచి ఎన్‌వీఆర్‌కు (కెమెరాల రికార్డరుకు) పోవచ్చు, కెమెరాల వైపునుంచి ఆఫీసుకూ ఇంటర్నెట్‌కూ పోకూడదు.

గుమాస్తా గారి కోసం పోర్టులకు రంగు చీటీలు అంటించండి. 1 నుంచి 12 కెమెరాలు, ఎర్ర చీటీ. 13 నుంచి 22 ఆఫీసు, నీలం. 23 రూటర్, 24 కాటా గది, ఈ రెండే ట్యాగ్డ్, పసుపు. ట్యాగ్ తగిలితే ఫ్రేము 1518 నుంచి 1522 బైట్లు అవుతుంది, మీడియా కన్వర్టర్ దాన్ని దాటనిస్తుందో లేదో కొనేముందే కాగితంలో చూడండి.

నల్లపాడు_రోడ్డు

రూటర్ దొరికింది. మేడమీద గదిలో బీరువా వెనక ఉంది. రెండు తీగలూ మా స్విచ్‌కే. పట్టిక రాసుకుంటున్నాను.

ప్రొవైడర్ పెట్టె వాన్ అడ్రసు 100.72 తో మొదలవుతోంది. బయటి సైటు చూపించే అడ్రసు వేరేగా ఉంది. మా రూటర్ వాన్‌కు ఆ పెట్టె ఇచ్చిన 192.168.100 అడ్రసు ఉంది.

లబ్బీపేట_రూటింగ్

అయితే పోర్టు ఫార్వార్డింగ్ ఎన్నటికీ పనిచెయ్యదు. 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా ప్రొవైడర్లు తమ లోపల వాడుకునేందుకు 2012లో కేటాయించిన అడ్రసులు. అంటే మీ రూటర్లో ఒక నాట్ (లోపలి అడ్రసులను ఒకే బయటి అడ్రసుగా మార్చడం), ప్రొవైడర్ పెట్టెలో ఒక నాట్, వాళ్ల ఎక్స్ఛేంజీలో మూడో నాట్. మీ చేతిలో ఉన్నవి మొదటి రెండే.

ముందు ప్రొవైడర్‌కు చెప్పి వాళ్ల పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (నాట్ చెయ్యకుండా ఉత్తగా దాటించేలా) పెట్టించండి. పీపీపీఓఈ (ప్రొవైడర్‌కు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డు, ఏదైనా వీలాన్ అంకె ఉంటే అది రాసి తీసుకోండి. దాంతో ఒక నాట్ పోతుంది. తర్వాత రెండు దారులు. నెలకు కొంత కట్టి స్టాటిక్ పబ్లిక్ ఐపీ తీసుకోవడం ఒకటి. అది కుదరకపోతే బయట చిన్న అద్దె సర్వర్ పెట్టుకుని రెండు చోట్లనుంచీ దానికి వైర్‌గార్డ్ (ఒక రకం వీపీఎన్) సొరంగం వెయ్యడం. రెండు వైపులా రూటర్లే బయటికి ఫోన్ చేసినట్టు పోతాయి కాబట్టి మధ్యలో నాట్ ఎన్ని ఉన్నా బాధ లేదు. పర్సిస్టెంట్ కీపలైవ్ (దారి తెరిచి ఉంచే చిన్న పలకరింపు) 25 సెకన్లు పెట్టండి, లేకపోతే నాట్ పట్టికలో దారి మూసుకుపోయి షాపు వైపునుంచి పిలిస్తే పలకదు. అలవ్డ్ ఐపీస్‌లో (ఏ అడ్రసులు ఎవరివైపు పోవాలో రాసే చోట) అద్దె సర్వర్ వైపు ఒక్కో చోటి అడ్రసులు సరిగ్గా రాయాలి. స్టోరేజీకి 10.20.0.0/16, షాపుకు 10.21.0.0/16. ఒకే రేంజి ఇద్దరికీ రాస్తే చివర రాసినవాడికే పోతుంది.

స్టాటిక్ ఐపీ తీసుకున్నా ఎన్‌వీఆర్‌నూ, రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ను నేరుగా బయటికి తెరవొద్దు. వైర్‌గార్డ్ యూడీపీ పోర్టు ఒక్కటే తెరవండి.

లెక్కల ఫైళ్లను షేర్డ్ ఫోల్డరుగా వీపీఎన్ మీద తెరవడం తప్పు. ప్రతి చిన్న రీడుకూ ఒక రానుపోను పడుతుంది, నత్తనడక. మధ్యలో లింకు తెగితే డేటా చెడుతుంది. షాపు నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో స్టోరేజీ సర్వర్లోనే పని చెయ్యండి, తెర మాత్రమే ప్రయాణిస్తుంది.

పటమట_ఫైబర్

బ్రిడ్జ్ చేశాక కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని అలా తిరుగుతూ ఉండిపోతే కంగారు పడొద్దు. పీపీపీఓఈ 8 బైట్లు తినేస్తుంది, 1500 ఉన్న ఎంటీయూ (ఒక ప్యాకెట్టు గరిష్ఠ సైజు) 1492 అవుతుంది. విండోస్‌లో పింగ్‌కు ఎఫ్ ఆప్షనూ, ఎల్ దగ్గర 1464 పెట్టి కొట్టండి. 28 హెడర్ కలిస్తే 1492. అది పోయి 1465 ఆగితే లెక్క సరిపోయింది. రూటర్లో ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్టులో డేటా సైజుకు హద్దు పెట్టడం) తెరిచి 1452 పెట్టండి. వైర్‌గార్డ్‌కు 1412. ఐసీఎంపీ (పింగ్, ఎర్రర్ కబుర్లు పోయే దారి) అంతా మూసేస్తే భద్రత అనుకుని కొందరు మూసేస్తారు, ప్యాకెట్టు పెద్దదైందన్న కబురు దానిమీదే రావాలి.

నల్లపాడు_రోడ్డు

కాటా మెషిన్ ఇప్పుడు పక్క కంప్యూటర్‌కు 9 పిన్నుల సీరియల్ తీగతో ఉంది. ఆ బరువు ఆఫీసులో కూడా కనపడాలంటే? ఎన్‌వీఆర్‌కు డిస్కు ఎంత కావాలి?

వన్‌టౌన్_స్విచ్చు

ఆర్ఎస్232 తీగ 15 మీటర్లు దాటకూడదు. సీరియల్ నుంచి ఈథర్నెట్‌కు మార్చే చిన్న పెట్టె కాటా పక్కనే పెట్టి, టీసీపీ సర్వర్ మోడ్‌లో నడపండి. బాడ్ రేటు, డేటా బిట్లు, పారిటీ మూడూ కాటా ఇండికేటర్ మెనూలో ఉన్నట్టే ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా అంకెల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. చాలా పెట్టెలు ఒకేసారి ఒక్క కనెక్షనునే ఒప్పుకుంటాయి. కాటా కంప్యూటర్ పట్టుకుని ఉంటే ఆఫీసుకు దొరకదు. రెండుకు మించి ఒప్పుకునేది అడిగి తీసుకోండి, లేదా కాటా సాఫ్ట్‌వేర్ బరువును సర్వర్లోకి రాస్తే ఆఫీసు అక్కడినుంచి చదువుకోవచ్చు. రెండోదే నాకు నచ్చుతుంది, రాసిన బరువుకు రికార్డు ఉంటుంది.

డిస్కు లెక్క: ఒక కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున రోజుకు 21.6 జీబీ. 12 కెమెరాలకు 259 జీబీ. 30 రోజులకు 7.8 టీబీ. 8 టీబీ డిస్కు అంచుకు సరిపోతుంది, 10 తీసుకోండి. షాపు నుంచి చూసేటప్పుడు సబ్ స్ట్రీమే (తక్కువ నాణ్యత వీడియో) పెట్టండి. 512 కేబీపీఎస్ చొప్పున 12 కెమెరాలకు 6 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అవుతుంది. మెయిన్ స్ట్రీమ్ అయితే 24, అప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ కూడా కదలదు.

నల్లపాడు_రోడ్డు

ఫైబర్ వేశాం. కాటా వైపు పవర్ మీటరులో మైనస్ 7 డీబీఎం (అందే వెలుతురు బలం) వచ్చింది. సర్వర్‌కు 1000 పింగ్‌లు కొడితే అన్నిటికీ జవాబు వచ్చింది. రాత్రి 4 కెమెరాలూ నిలబడ్డాయి. కొత్త ఇబ్బంది ఒకటే: వీలాన్ వేశాక కెమెరాల తెర మీద టైము తప్పుగా పడుతోంది, కాటా చీటీతో కలవడం లేదు.

లబ్బీపేట_రూటింగ్

మైనస్ 7 చక్కగా ఉంది. ఆ అంకెను తేదీతో సహా డబ్బా మూత లోపల రాసి అంటించండి. రేపు అది మైనస్ 15 అయితే ఎక్కడో వంగిందని తెలుస్తుంది.

టైము సంగతి: ఇంటర్నెట్ మూసేశాం కాబట్టి కెమెరాలకు ఎన్‌టీపీ (టైము సరిచేసే సేవ) అందడం లేదు. రూటర్లో ఎన్‌టీపీ సర్వర్ తెరిచి, కెమెరాల వైపునుంచి రూటర్ 10.20.20.1కి యూడీపీ 123 ఒక్కటి రానివ్వండి. ప్రతి కెమెరాలోనూ ఎన్‌టీపీ అడ్రసుగా అదే రాసి, టైమ్ జోను 5:30 ముందుకు పెట్టండి. ఎన్‌వీఆర్‌కూ కాటా కంప్యూటర్‌కూ కూడా అదే రూటర్‌ను చూపిస్తే చీటీ మీది టైమూ, తెర మీది టైమూ ఒకటే పడతాయి.